డబ్బా మీది ముద్ర ఎవరి మాట?

(నెల్లూరు తీర ప్రాంతంలో పనిచేస్తున్న మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆరోగ్యం గురించా, వినియోగదారుల హక్కుల గురించా, వ్యవసాయం గురించా, స్త్రీల శ్రమ గురించా అని అడిగితే నాలుగింటి గురించీ అని చెప్పాలి. కొన్నేళ్ళుగా మన పొదుపు సంఘాల సమావేశాల్లోకి, మన వంటింటి అలమరల్లోకి వచ్చి చేరుతున్న ‘బలం డబ్బాలు’ మీ అందరికీ తెలిసినవే. ప్రొటీన్ పొడి, ఐరన్ బిళ్ళలు, మునగాకు పొడి, స్పిరులినా, కీళ్ళనొప్పుల క్యాప్సూళ్ళు ఇలాంటివి. చట్టం దృష్టిలో ఇవి మందులు కావు, ఒక రకం ఆహారం. వీటిని ఫుడ్ సప్లిమెంట్లు అంటున్నారు. ఈ డబ్బాల మీద ఇప్పుడు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపిస్తున్న మాట ‘ఆర్గానిక్’. పక్కనే ఒక పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు ఊళ్ళలో స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఈ డబ్బాలను అమ్మేవాళ్ళు చెప్పే ఒక వాక్యం నాకు పదేపదే వినపడింది. “ఇది ఆర్గానిక్ అక్కా, మందు కాదు, ఎంత తిన్నా ఏమీ కాదు.” వినడానికి ఒకే మాటలా ఉంటుంది. విడదీసి చూస్తే ఇందులో మూడు వేరు వేరు మాటలున్నాయి. మొదటిది కొన్నిసార్లు నిజం. రెండవది చట్టప్రకారం నిజమే. మూడవది అబద్ధం. మొదటి రెండింటి బలంతో మూడవదాన్ని నమ్మించడమే ఈ వ్యాపారంలోని కిటుకు. అందుకని వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

‘ఆర్గానిక్’ దేనికి హామీ?

ఆర్గానిక్ అంటే మన మాటల్లో సేంద్రియం. అది పంటను పండించిన పద్ధతి గురించి చెప్పే మాట. రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడలేదని, నేలను అందుకు కొంతకాలం సిద్ధం చేశారని దాని అర్థం. మన దేశంలో దీనికి రెండు దారులున్నాయి. 2001 నుంచి వాణిజ్య శాఖ కింద, అపెడా అనే సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఒకటి. ముఖ్యంగా ఎగుమతుల కోసం పుట్టింది. బయటి తనిఖీ సంస్థ వచ్చి పొలం చూసి, రికార్డులు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. ఏడాది పంటలకైతే రెండేళ్ళు, తోటలకైతే మూడేళ్ళు మార్పిడి కాలం గడవాలి. రెండవది వ్యవసాయ శాఖ కింద ఉన్న పీజీఎస్ ఇండియా. ఇందులో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు తక్కువ, కానీ ఆ ముద్రతో సరుకును సేంద్రియమని ఎగుమతి చేయడం కుదరదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2017లో చేసిన నిబంధనల ప్రకారం దేశంలో ఆర్గానిక్ అని ప్యాకెట్ మీద రాసి అమ్మే ఆహారానికి ఈ రెండింటిలో ఏదో ఒక ధ్రువపత్రం ఉండాలి. ‘జైవిక్ భారత్’ అనే ముద్ర ఉండాలని కూడా ఆ నిబంధనలు చెప్పాయి. తన పొలంలో పండించినదాన్ని నేరుగా తినేవాళ్ళకు అమ్ముకునే చిన్న రైతుకు మినహాయింపు ఉంది. కాబట్టి సంతలో ఆకుకూర అమ్మే అక్కను పత్రం చూపమని మనం నిలదీయాల్సిన పని లేదు. పెద్ద కంపెనీ డబ్బాను మాత్రం నిలదీయాలి. ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. ముద్ర, ధ్రువీకరణ నంబరు లేకపోతే ఆ బొమ్మకు విలువ లేదు.

ఇంకో సంగతి. ఒక సరుకును పూర్తిగా ఆర్గానిక్ అని చెప్పుకోవాలంటే అందులోని పదార్థాల్లో కనీసం 95 శాతం సేంద్రియంగా పండించినవై ఉండాలి. మీరు చూసే చాలా డబ్బాల ముందు వైపు ‘ఆర్గానిక్ ఉసిరి’ అనో, ‘ఆర్గానిక్ పాలకూర’ అనో పెద్దగా ఉంటుంది. వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. జాబితాలో ఎక్కువ పరిమాణంలో ఉన్నది ముందు రాయాలని నియమం. ఉసిరి చివర ఎక్కడో ఉంటే ఆ డబ్బాలో ఉన్నది ప్రధానంగా వేరే ఏదో అని అర్థం.

సరే, ముద్ర నిజమైనదే అనుకుందాం. అప్పటికీ అది పండించిన తీరు గురించే చెబుతుంది. ఆకు కోసిన తరువాత ఎక్కడ ఆరబెట్టారు, ఏ నీళ్ళతో కడిగారు, పొడి కొట్టిన చోట శుభ్రత ఎలా ఉంది అన్నవి వేరే ప్రశ్నలు. 2025లో అమెరికాలో మునగాకు పొడి తిన్న కొందరికి సాల్మొనెల్లా అనే క్రిమి వల్ల జబ్బు చేసింది. ఆ పొడి మన దేశం నుంచి వెళ్ళింది. దానితో తయారై వెనక్కి తీసుకున్న సరుకుల్లో ఆర్గానిక్ అని రాసుకున్నవి కూడా ఉన్నాయి. మునగాకు మంచిదే, మన పెరట్లో చెట్టు ఆకు మరీ మంచిది. పొడిగా మారి డబ్బాలోకి ఎక్కేలోపు ఎన్ని చేతులు, ఎన్ని గోదాములు మారిందో మాత్రం ఆకు బొమ్మ చెప్పదు.

‘మందు కాదు’, ‘ఎంత తిన్నా ఏమీ కాదు’

రెండవ మాట మందు కాదు అన్నది. నిజమే. అయితే ఆ నిజం అమ్మేవాళ్ళకు అనుకూలమైనది కాదు. మందు కాదు కాబట్టే అది జబ్బు తగ్గిస్తుందని చెప్పడానికి వీల్లేదు. సప్లిమెంట్ల మీద 2016లో నిబంధనలు వచ్చాయి, 2018 జనవరి నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం డబ్బా మీద ఇది హెల్త్ సప్లిమెంట్ అని, ‘వైద్య అవసరాలకు కాదు’ అని స్పష్టంగా రాయాలి. రోజుకు ఎంత తీసుకోవాలో, అంతకు మించకూడదని రాయాలి. పిల్లలకు అందకుండా ఉంచమని రాయాలి. తెలిసిన దుష్ఫలితాలుంటే, వేరే మందులతో కలిస్తే వచ్చే ప్రమాదముంటే అవీ రాయాలి. అంటే మూడవ మాటను, ఎంత తిన్నా ఏమీ కాదన్న మాటను, ఆ డబ్బాయే ఖండిస్తుంది. కాకపోతే చిన్న అక్షరాల్లో, చాలాసార్లు ఇంగ్లీషులో ఖండిస్తుంది. మన స్త్రీలలో ఎంతమందికి ఆ అక్షరాలు అందుతాయి?

విటమిన్ ‘ఎ’ మోతాదు మించితే గర్భంలోని బిడ్డకు హాని. ఐరన్ బిళ్ళలు గుప్పెడు మింగిన పసిపిల్లలకు ప్రాణాపాయం. ఇవి వైద్యశాస్త్రంలో ఎప్పటి నుంచో తెలిసిన సంగతులు.

డబ్బా మీద 14 అంకెల లైసెన్సు నంబరు చూపించి “గవర్నమెంటు పాస్ చేసిందమ్మా” అని అమ్మేవాళ్ళున్నారు. ఆ నంబరు వ్యాపారం చేసుకోవడానికి ఆ సంస్థకు ఇచ్చిన అనుమతి. ఆ పొడి మోకాళ్ళ నొప్పి తగ్గిస్తుందని ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. నంబరు లేకపోతే అనుమానించాలి. ఉన్నంత మాత్రాన నమ్మేయనక్కరలేదు. ‘నేచురల్’ అన్న మాటకు కూడా హద్దులున్నాయి. 2018లో వచ్చిన ప్రకటనల నిబంధనలు దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడకూడదన్నాయి.

రొయ్య పొట్టు కథ

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 1990ల మొదట్లో వరి పొలాలు రొయ్యల గుంటలైన కాలం మీలో పెద్దవాళ్ళకు బాగా గుర్తుంటుంది. నాట్లు, కలుపు, కోతల పని పోయింది. తాగే నీళ్ళు ఉప్పగా మారాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని గుంటలను తొలగించమని, పని కోల్పోయే కూలీలకు పరిహారం ఇవ్వమని తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం వచ్చి, గుంటలు రిజిస్ట్రేషన్లతో కొనసాగాయి. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చి సాగు ఇంకా పెరిగింది. పొలంలో పని పోయిన స్త్రీలకు మిగిలిన పనుల్లో ఒకటి రొయ్య తల తీయడం, పొట్టు వలవడం.

ఆ పని ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గంటల తరబడి నిలబడాలి. చేతులు ఐసు నీళ్ళలో నానుతూ ఉంటాయి. వేళ్ళ చర్మం ఒరుసుకుపోతుంది. మోకాళ్ళు, నడుము, మణికట్లు నొప్పులు. కొన్నాళ్ళకు వాళ్ళు కొంటున్నవి కీళ్ళనొప్పుల క్యాప్సూళ్ళు. వాటిలో తరచుగా ఉండే పదార్థం పేరు గ్లూకోసమైన్. అది ఎక్కువగా దేనినుంచి తయారవుతుందో తెలుసా? రొయ్య, పీతల పెంకు నుంచి. పొట్టును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, కాస్టిక్ సోడాలో శుద్ధి చేస్తే కైటిన్ వస్తుంది. దాన్ని మళ్ళీ గాఢమైన ఆమ్లంలో విడగొడితే గ్లూకోసమైన్ వస్తుంది. ఇంత రసాయన ప్రక్రియ జరిగాక దాని మీద పచ్చటి ఆకు, ‘ప్రకృతి ప్రసాదం’ అన్న మాట వేసుకునే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. రొయ్యలు, పీతలు పడనివాళ్ళకు ఇది ప్రమాదం కావచ్చు, కాబట్టి ఆ విషయం డబ్బా మీద ఉండాలి. జంతు సంబంధమైనది కాబట్టి గోధుమ రంగు త్రికోణపు గుర్తు ఉండాలి. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

పోనీ, పని చేస్తుందా? అమెరికాలో ప్రభుత్వ నిధులతో 1,583 మంది మోకాళ్ళ నొప్పి రోగులపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. మొత్తం మీద చూస్తే గ్లూకోసమైన్ వాడినవాళ్ళకు, ఉత్త బిళ్ళ వాడినవాళ్ళకు మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న కొద్దిమందిలో, మరో పదార్థంతో కలిపి ఇచ్చినప్పుడు కొంత మేలు కనిపించింది కానీ అది గట్టిగా తేల్చి చెప్పేంత పెద్ద సంఖ్య కాదు. ఇంతటి అనుమానం ఉన్న సరుకుకు మన వలుపు కూలీ తన కూలి డబ్బులు పోస్తున్నది. తను వలిచి పారేసిన పొట్టులాంటిదే తిరిగి క్యాప్సూల్ అయి తన చేతికి వస్తున్నది. పని గంటలు తగ్గించి, కూర్చోవడానికి ఎత్తుపీట, చేతులకు తొడుగులు, మధ్యలో విరామం ఇస్తే ఆ నొప్పి కొంతైనా తగ్గేది. యజమాని చేయాల్సిన ఖర్చు కూలీ కొనే డబ్బాగా మారిపోయింది. నేను దీన్ని ఆరోగ్య సమస్య అనే ముందు కార్మిక సమస్య అంటాను.

సర్టిఫికెట్ ఉన్న చోట కూడా ఈ విషయం పక్కన పడుతూనే ఉంది. 2024 మార్చిలో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రాష్ట్రంలో రొయ్యల పరిశ్రమపై ఒక నివేదిక ప్రచురించింది. తక్కువ కూలి, అప్పుల బంధం, ప్రమాదకరమైన పని పరిస్థితుల గురించి అందులో రాశారు. ఆ రొయ్యలు వెళ్ళే దేశాల్లో ప్యాకెట్ల మీద రకరకాల నాణ్యతా ముద్రలు ఉంటూనే ఉన్నాయి. యాంటీబయాటిక్ అవశేషం ఉందా అని రొయ్యను పరీక్షించే ప్రయోగశాలలున్నాయి. వలిచిన చేతికి ఎంత కూలి ఇచ్చారని పరీక్షించే ప్రయోగశాల లేదు.

పత్రం భూమికి, పని స్త్రీలది

సేంద్రియ సేద్యంలోనూ ఇలాంటి కథే ఉంది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం పొదుపు సంఘాల మీద ఆధారపడే నడుస్తున్నది. జీవామృతం కలిపేది, కషాయాలు కాచేది, విత్తనం దాచేది, కలుపు తీసేది ఎక్కువగా స్త్రీలు. ధ్రువపత్రం దగ్గరికి వచ్చేసరికి అడిగేవి భూమి వివరాలు, సర్వే నంబరు, పొలం పటం. ఆ కాగితాల్లో చాలాచోట్ల భర్త పేరో, మామ పేరో ఉంటుంది. మరి కౌలుకు చేసే స్త్రీ పరిస్థితి? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డు ఇస్తామంది కానీ భూయజమాని సంతకం ఉంటేనే ఇస్తామంది. పదకొండు నెలల ఒప్పందం మీద ఉన్న కౌలుదారు, రెండు మూడేళ్ళ మార్పిడి కాలం దాటి పత్రం ఎప్పుడు అందుకుంటుంది? నేలను బాగు చేసేది ఆమె. బాగుపడిన నేలను మరుసటి ఏడు తీసేసుకునేది యజమాని. సేంద్రియ ధర ఎవరికి దక్కుతుందో వేరే చెప్పక్కరలేదు.

నేను సేంద్రియ సేద్యానికి వ్యతిరేకిని కాను. పురుగుమందు పిచికారీ చేసిన చేలో కలుపు తీసే స్త్రీలకు ఆ విషం నుంచి విముక్తి కావాలి. నా వాదన ఒక్కటే. ముద్ర సరుకు మీదనే ఆగిపోకూడదు. శ్రమ చేసిన మనిషి దాకా రావాలి.

బలహీనతతో వ్యాపారం

ఈ డబ్బాల కంపెనీలు మన దగ్గరికే ఎందుకొస్తున్నాయి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. నీరసం, ఆయాసం, కళ్ళు తిరగడం మనకు రోజువారీ సంగతి. ఆఖరున తినడం, మిగిలింది తినడం అన్న ఇంటి ఆచారం నుంచి పుట్టిన నీరసమిది. దానికి డబ్బా చూపిస్తే ఇంట్లో ఎవరూ మారక్కరలేదు. కూలి పెంచక్కరలేదు, చౌకడిపోలో పప్పు అడగక్కరలేదు.

గర్భిణికి 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఉన్న బిళ్ళలు 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఉచితంగా అందించాలన్నది 2018 నుంచి ఉన్న ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమంలో భాగం. ఆ ఎర్ర బిళ్ళ మీద ఆకు బొమ్మ లేదు కాబట్టి దానిమీద గౌరవం లేదు. కడుపులో తిప్పుతుందని పారేసేవాళ్ళకు భోజనం తరువాత వేసుకోమని, టీ కాఫీలతో కలపవద్దని చెప్పే తీరిక ఎవరికీ లేదు. ఆ ఖాళీలోకి పొడి డబ్బా వస్తున్నది.

దాన్ని తెచ్చేది కూడా మన స్త్రీయే. చైన్ మార్కెటింగ్‌లో తన కింద నలుగురిని చేర్చమంటారు. ఆ నలుగురూ పొదుపు సంఘం సభ్యులే. అప్పు తీసి సరుకు కొంటుంది, అమ్ముడుపోదు, స్నేహాలు చెడతాయి. ఈ పద్ధతి మీద మన రాష్ట్రంలో పెద్ద చరిత్రే ఉంది. ఆమ్వే సంస్థ పథకం 1978 నాటి డబ్బు చలామణీ పథకాల నిషేధ చట్టం కిందికి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2022లో అదే సంస్థ ఆస్తులను 757 కోట్ల రూపాయల మేరకు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జప్తు చేసింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. ముందు చెప్పకుండా, గుర్తింపు కార్డు లేకుండా అమ్మేవాళ్ళు ఇంటికి రాకూడదన్నాయి. అమ్మే మన చెల్లెలిని దోషిగా నిలబెట్టడం మన పని కాకూడదు. ఆమెను కూడా ఈ వలలో చిక్కినదానిగానే చూడాలి.

మనం చేయగలిగింది

1992లో ఇదే జిల్లాలో, దూబగుంటలో, అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా వ్యాపారం లెక్క అడిగారు. చదువు వారికి ప్రశ్న ఇచ్చింది. డబ్బా మీది అక్షరాలు చదవడం కూడా అలాంటి చదువే. కాబట్టి నా సూచనలు ఇవి.

ప్రతి సంఘం ఒక సమావేశాన్ని దీనికే కేటాయించండి. ఇంట్లో ఉన్న డబ్బాలు తెమ్మనండి. వెనక్కి తిప్పి గట్టిగా చదివించండి. ధ్రువీకరణ నంబరు, లైసెన్సు నంబరు, పదార్థాల క్రమం, రోజుకు ఎంత, ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న మాట, ఈ ఐదూ ఒక కాగితం మీద రాయించండి. జబ్బు తగ్గుతుందని చెప్పే కరపత్రం దొరికితే దాచండి. అదే సాక్ష్యం.

బిల్లు లేకుండా ఏదీ కొనవద్దని చెప్పండి. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్న మనిషి రుసుము కట్టి సరుకును పరీక్షించమని అడగవచ్చు. లోపం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఫిర్యాదుకు వినియోగదారుల ఫోన్ నంబరు 1915 ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు కేసుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. ఒక్కరు వెళితే తిప్పి పంపుతారు, సంఘంగా వెళ్ళండి.

వివరాలన్నీ డబ్బా మీద తెలుగులో ఉండాలని అడుగుదాం. సేంద్రియ ధ్రువపత్రంలో సాగుచేసే స్త్రీ పేరు, కౌలుదారు పేరు ఉండాలని అడుగుదాం. రొయ్యల షెడ్లకు ఇచ్చే ప్రతి నాణ్యతా ముద్రకు కూలి రిజిస్టరు తనిఖీని షరతుగా పెట్టమని అడుగుదాం. ఆశా కార్యకర్త దగ్గర ఎర్ర బిళ్ళలు ఉన్నాయా, అయిపోయాయా అన్నది ప్రతి నెలా మన మినిట్స్ పుస్తకంలో రాసుకుందాం.

ఇక ప్రశ్నలు మీవి. తెచ్చిన డబ్బాలు ఏమైనా ఉంటే ముందుకు తీసుకురండి, కలిసి చదువుదాం.